కితేరియా రాసిన పేజీ

"ఇందులో పదకొండు తప్పులున్నాయమ్మా," అన్నాడు ఫెలియు.

ఎర్ర సిరాతో సున్నాలు చుట్టిన కాగితాన్ని వెనక కుర్చీలోని ముసలామె ముందు పెట్టాడు.

బార్సెలోనాలో రొట్టెల దుకాణం మీది గది అది. ఆదివారం ప్రార్థన ముగిశాక తొమ్మిదిమంది అక్కడ తలుపులు బిగించుకుని తమ కాతలాన్ భాష నేర్చుకుంటారు. అంతర్యుద్ధం గెలిచినవాళ్ళు దాన్ని బడిలోంచీ పత్రికల్లోంచీ తరిమేసి పంతొమ్మిదేళ్ళయింది.

ముసలామె పేరు కితేరియా. ఆఫీసుల్లో నేలలు తుడుస్తుంది.

"తప్పులెక్కడ మాస్టారూ?"

"ఈ మాటలు నిఘంటువులో లేవు."

"మా ఏటి ఒడ్డున ఇలాగే అంటారు."

"ఏటి ఒడ్డున కప్పలూ ఏదో అంటాయి. అవన్నీ రాస్తామా?"

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వబోయి ఆగిపోయింది.

"అసలు దీన్ని రాత అనరమ్మా. రొట్టెల కోసం వరసలో నిలబడ్డ ఆడవాళ్ళు మాట్లాడుకుంటున్నట్టుంది."

"వాళ్ళ గురించే రాశాను బాబూ."

ఫెలియు గొంతు తగ్గించాడు.

"బ్యాంకు గుమాస్తాలు ఇద్దరు చేరతామంటున్నారు. చోటు లేదు. ఈ వయసులో మీకెందుకీ శ్రమ?"

"గోడవారగా నిలబడతాను."

"మెట్ల మీద అలికిడి ఎక్కువైతే పోలీసులొస్తారు. మీకు తెలియందేముంది?"

ఆమె కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగిపోయింది.

ఆ కుర్చీ వారం తిరక్కుండానే నిండింది.

ఫిబ్రవరిలో రొట్టెల దుకాణాయన చెప్పాడు.

"ఆ తుడిచే ముసలామె పోయిందట మాస్టారూ. న్యుమోనియా."

ఫెలియుకి దుఃఖం రాలేదు. పరామర్శించకపోతే బాగుండదనిపించి వెళ్ళాడు.

మూడో అంతస్తు. నల్లబట్టల్లో ఉన్న ఒకావిడ తలుపు తీసింది. కితేరియా అక్క కూతురట.

"పాఠం చెప్పే మాస్టారు మీరేనా! రండి, కూర్చోండి."

ఆవిడ మాటలో నిష్ఠూరం లేదు. కాఫీ ఇచ్చింది.

"మీ దగ్గర చేరిన కొత్తలో పిన్ని ఎంత సంబరపడిందో! మన మాట వినపడుతుందే అక్కడ, అనేది. ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ కలం పట్టింది. ఒక్క పేజీకి నాలుగు రాత్రులు కూర్చుంది."

"మళ్ళీనా?"

ఆవిడ ఆ ప్రశ్న విన్నట్టు లేదు.

"ఆ ఆదివారం మీ దగ్గర్నుంచి రాగానే తిన్నగా వంటింట్లోకెళ్ళి దాన్ని పొయ్యిలో పెట్టింది. వద్దు పిన్నీ అని చెయ్యి పట్టుకున్నాను కూడా."

కప్పు చేతిలోనే చల్లారిపోయింది. ఫెలియు దాన్ని కింద పెట్టాడు.

"ఏమన్నారామె?"

"ఏమంటుంది మాస్టారూ... 'నా నాలుగు నవలలూ మా పత్రికాఫీసు ముందు పోగేసి కాల్చడానికి లారీడు సైనికులు రావాల్సొచ్చిందే, ఈ ఒక్క పేజీకి నేను చాలనా' అంది."