బొడ్డూడేలోగా

“ముందు నువ్వు దిగు, పాపుక్,” అన్నాడు మహ్రిప్.

“నేనెందుకు దిగుతాను? దారి చూపేవాడివి నువ్వు. రింజాని కొండ మొత్తం నీ అరచేతిలో ఉందని చెప్పుకుంటావుగా. నడు!” అంది ముసలి మంత్రసాని, తమలపాకు నములుతూ.

మహ్రిప్ కిందికి చూశాడు. ఇనప కమ్మీ, దాని పక్కన లోయ, అట్టడుగున నీలంగా సరస్సు. ఇరవై ఏళ్ళుగా యాత్రికుల్ని వెంటబెట్టుకుని వందలసార్లు దిగిన దారే అది. అయినా ఈవిడ తన వీపు వెనక ఉంటే కాళ్ళు ముందుకు పడటం లేదు.

రానని అనడానికీ లేదు. పదకొండేళ్ళు ఎదురుచూడగా నాలుగు రోజుల కిందట అతని భార్య మగబిడ్డను కన్నది. బొడ్డు ఊడిన రోజున బిడ్డను నిప్పుల మీదుగా దాటించి, నీళ్ళు చల్లి, పేరు పెట్టాలి. బిడ్డను బయటికి తీసిన చెయ్యే ఆ పని చెయ్యాలి. మంత్రసాని నోట ఒకసారి పడిన పేరు ఇక మారదు. “లేకలేక పుట్టినవాడికి సరస్సు నీళ్ళే చల్లాలి. అవి తేవడానికి నన్ను తండ్రే తీసుకెళ్ళాలి,” అని మంత్రసాని పట్టుబట్టింది. పచ్చి బాలింత దణ్ణం పెట్టి బతిమాలితే మహ్రిప్ తలూపాడు.

అతని తొందర అతనికుంది. ఆ ఊళ్ళో తొలిచూలు పుడితే తల్లిదండ్రుల సొంత పేర్లు గల్లంతే. అప్పట్నుంచీ ఫలానావాడి తండ్రి అమాక్, ఫలానావాడి తల్లి ఇనాక్, అంతే. పిల్లల్లేనివాడు తల నెరిసినా ‘లోక్’, అంటే కుర్రాడే. నలభై రెండేళ్ళవాణ్ణి మూటలు మోసే పోరగాళ్ళు కూడా “ఏం లోక్ మహ్రిప్!” అని ఇకిలిస్తుంటే కడుపు మండిపోయేది.

మంత్రసానిని ఊరంతా ఇనాక్ జుమాదిల్ అంటుంది. మహ్రిప్ ఒక్కడే ‘పాపుక్’, నాయనమ్మా, అని పిలుస్తాడు. అది ప్రేమ కాదు. ఎనిమిదేళ్ళుగా ఆ పేరు అతను నాలుక మీదికి రానివ్వలేదు.

రెండో మలుపులో ఆవిడ ఆగింది.

“ఇక్కడేనా?”

“ఏంటి?”

“మావాడు పడింది.”

“నాకేం తెలుసు పాపుక్? వాడు నా జట్టులో లేడని అప్పుడే చెప్పాగా.”

“చెప్పావు. ‘ఆ పేరు గలవాడెవడూ నాతో రాలేదు’ అన్నావు. కచేరీ గుమ్మం దగ్గర నుంచుని విన్నాను. నా కొడుకు చచ్చినందుకు ఒకసారి ఏడ్చాను మహ్రిప్. వాడు అసలు లేనే లేడన్నావే, దానికి రోజూ ఏడుస్తున్నాను.”

జుమాదిల్ అతనితోనే వచ్చాడు. ఒళ్ళు కాలే జ్వరంలో, ఇద్దరి బరువు కావడిలో మోస్తూ వచ్చాడు. వానలో జారి కాలు విరిగితే, “మనుషుల్ని పంపిస్తా, ఉండు” అని మహ్రిప్ యాత్రికులతో దిగిపోయాడు. ఎవర్నీ పంపలేదు. కొండ కింద చిట్టాలో రాయించని కూలీ బయటపడితే అతని అనుమతి పత్రం పోతుంది. మూడోనాడు చేపలకు వచ్చినవాళ్ళకు శవం కనిపించింది.

“నా మీద పగ పట్టావా, పాపుక్?”

“పట్టకేం? తీర్చుకోకుండా చావను.” తమలపాకు పిప్పి లోయలోకి ఉమ్మింది. “నడు.”

మహ్రిప్ రెండు చేతులా కమ్మీ పట్టుకుని పీతలా పక్కకు నడుస్తూ దిగాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే రకం మరి.

సరస్సు దగ్గర ఆవిడ సొరబుర్ర నిండా నీళ్ళు ముంచింది. నడుము దగ్గర్నుంచి చిన్న పొట్లం తీసి చిటికెడు పొడి అందులో వేసింది.

“ఏంటది?”

“పసుపు.”

“ముందు నువ్వు తాగు!”

ఆవిడ పకపకా నవ్వి, గటగటా రెండు గుక్కలు తాగింది.

“వెర్రివాడా! నీ కొడుకు మెడకి పేగు చుట్టుకుని నీలంగా వచ్చాడు. నా నోటితో ఊపిరి ఊదాను. చంపాలనుకుంటే నేనేమీ చెయ్యక్కర్లేదు, ఊరకుంటే సరిపోయేది. నువ్వు మా వాణ్ణి చంపినట్టే.”

మహ్రిప్ వెనక్కి తిరిగి కొండెక్కసాగాడు.

తిరుగు దారిలో అదే మలుపులో ఆవిడ దోసెడు నీళ్ళు రాళ్ళ మీద పోసింది. అతను అటు చూడలేదు. పైకెక్కారు, ఊరు చేరారు. ఏమీ కాలేదు. మొరిగే కుక్క కరవదు అనుకుని మహ్రిప్ ఆ పూట రెండు పళ్ళేల అన్నం తిన్నాడు.

మర్నాడు పొద్దున్నే బొడ్డు ఊడింది. వాకిట్లో కొబ్బరిపీచు నిప్పులు పొగలెత్తాయి. చుట్టాలు, ఇరుగుపొరుగు, కావళ్ళు మోసే కుర్రాళ్ళు అందరూ చేరారు. మహ్రిప్ కొత్త తలగుడ్డ చుట్టుకుని మధ్యలో నిలబడ్డాడు.

మంత్రసాని బిడ్డను మూడుసార్లు నిప్పుల మీదుగా దాటించింది. నీళ్ళు చల్లింది. ఆ చిట్టి చెవిలో నోరు పెట్టి ఒక్క మాట చెప్పి, నుదుటి మీద ముద్దు పెట్టింది. అప్పుడు ఆవిడ కళ్ళు చెమర్చడం మహ్రిప్ కూడా చూశాడు. పాపం, ముసలిదాని మనసు కరిగిందనుకున్నాడు.

ఆవిడ లేచి, సొరబుర్ర అతని చేతిలో పెట్టి, ఊరందరికీ వినిపించేలా అంది:

“మిగిలిన నీళ్ళు తాగు, అమాక్ జుమాదిల్!”