అప్పన్న జుత్తు

"ఆడి జుత్తు ఊడిపోనూ! అప్పన్నకి అట్టేపెట్టిన జుత్తు గొరిగించీడానికి ఆడెవుడ్రా?"

ఫోను మీదకి వంగి జగ్గమ్మ అరిచిన అరుపుకి ఉయ్యాల్లో పసిపిల్ల లేచి ఏడుపందుకుంది. నెల్లిమర్ల దగ్గరి ఆ ఊళ్ళో, ఆదివారం పొద్దున్న ఇంటిల్లిపాదీ ఆ ఫోను చుట్టూ చేరారు. అవతల ఆమె మనవడు ధనరాజ్. మిలట్రీ ట్రెయినింగుకి వెళ్ళి మూడు వారాలయింది. వారానికొకసారి, అయిదంటే అయిదు నిమిషాలు మాట్లాడనిస్తారు.

"ఆడు అనకు నానమ్మా. ఉస్తాద్ అనాల. మాకు డ్రిల్లు నేర్పే హవల్దారు," అన్నాడు ధనరాజ్ నీరసంగా. "మీసం నెరిసినా గొంతు పులి గొంతే. ఎల్లిన రోజే అందరికీ గుండు సేయించీసినాడు. మొక్కున్నాదని సెప్పినాను. నా హిందీ ఆయనకేటి అర్థమయిందో! కింద పడ్డ జుత్తు ఏరి పొట్లం కట్టుకుంటే అదీ లాక్కుని, ఇరవై పల్టీలు కొట్టించినాడు."

మనవడు మిలట్రీలో సెలక్టయితే సింహాచలం అప్పన్నకి వాడి తలనీలాలు ఇప్పిస్తానని జగ్గమ్మ మొక్కుకుంది. సెలక్టయ్యాడు. కొండకి బయల్దేరదామనుకునేసరికి పెద్ద మనవడి పెళ్ళాం సుహాసిని నీళ్ళాడింది. పురుట్లో గుడికి వెళ్ళకూడదు. పురుడు వెళ్ళేలోగా రమ్మని కాగితం వచ్చేసింది. దేవుడైతే ఆగుతాడు గానీ మిలట్రీ ఆగదు కదా. అలా అప్పన్న జుత్తు మిలట్రీ మంగలి పాలయింది.

"వొచ్చీరా నాయినా," అంది జగ్గమ్మ. "మొక్కు తీరకండా తుపాకీ పట్టుకుంటే ఏ తూటా ఎటేపు నుంచి వస్తాదో. నా వల్ల కాదు."

"ఊరుకోమ్మా," అన్నాడు కొడుకు గణపతిరావు. "మూడేళ్ళు సీకటితోటి లేచి రోడ్డు మీద పరిగెట్టినాడు గుంటడు."

"పరిగెట్టింది బతకడానికి గదేటి? సావడానికా?"

ధనరాజ్ అందుకున్నాడు. "నాకూ ఉండబుద్ధవడం నేదు నానమ్మా. కళ్ళు మూస్తే ఆ మొక్కే గుర్తొస్తన్నాది. నువ్వు ఉండమంటే ఉంటాను. వొచ్చీమంటే పేరు కొట్టించుకుని వొచ్చీస్తాను. వచ్చే ఆదివారం సెప్పు…" అయిదు నిమిషాలూ అయిపోయాయి.

ఆ వారమంతా గణపతిరావు తల్లి వెనకాలే తిరిగాడు. చివరికి, "ఆడి బదులు నా జుత్తు ఇస్తానే అమ్మా," అన్నాడు.

"నీ నెత్తి మీద ఏటున్నాదని ఇస్తావు?" అంది జగ్గమ్మ. "మొక్కింది ఆడి జుత్తు. ఆదివారం వొచ్చీమనే సెప్తాను."

శనివారం మధ్యాహ్నం గుడ్డ చుట్టి కుట్టిన పార్సిల్ ఒకటి పోస్టులో వచ్చింది. సుహాసిని కుట్లు విప్పి, పైనున్న ఉత్తరం చదివింది.

"నానమ్మా, ఫోను ఆగిపోయాక ఏడుపు ఆగలేదు. ఉస్తాద్ చూసి ఎందుకని అడిగాడు. మా ప్లాటూన్‌లో తెలుగొచ్చిన ఒడిశా కుర్రాడున్నాడు. నా బదులు వాడే హిందీలో అంతా చెప్పాడు. ఉస్తాద్ తన పెట్టె తెరిచి, నా పొట్లం నా చేతిలో పెట్టాడు. పారేశాడనుకున్నాను. దాచే ఉంచాడు. సాయంత్రం మళ్ళీ అందరికీ క్షవరాలు. మా వాళ్ళు కూడా తలా ఒక పొట్లం కట్టి తెచ్చారు. 'మీ నానమ్మ దేవుడి దగ్గరకి వెళ్తుంది కదా, మావీ ఇమ్మను' అన్నారు. నాతో కలిపి ముప్పై ఎనిమిది మందిమి. ఇరవయ్యొకటి దాటినవాడు ఒక్కడూ లేడు. పార్సిల్ ఉస్తాదే తీసుకెళ్ళి పోస్టు చేస్తానన్నాడు. ఉండాలో రావాలో ఇంక నువ్వే చెప్పు."

సుహాసిని పొట్లాలన్నీ చాప మీద పోసింది. ధనరాజ్‌ది ఒక్కటే లావుగా ఉంది. మిగతావి నోటుబుక్కు కాగితాల్లో మడిచిన చిన్న చిన్న పొట్లాలు. ఒక్కోదాని మీదా పేరూ, ఊరూ. "దిలీప్ సాహు, గంజాం. మనీష్ యాదవ్, సీవాన్. జోసఫ్, కొట్టాయం…"

ఊళ్ళో నోటికి పేరున్న జగ్గమ్మ ఏ పొట్లమూ తొక్కకుండా చాప అంచున కూర్చుని, ఒక్కొక్కటే తీసి కళ్ళకద్దుకుంది. మొహం చూడలేదు, ఊరు తెలీదు. అయినా తనని నమ్మి తల మీది జుత్తు పంపారే అనుకుంది.

"ఈళ్ళందరికీ నానమ్మలున్నారేటే?" అంది చివరికి.

"ఉండే ఉంటారు నానమ్మా."

"ఒరే గణపతీ! రేపు పొద్దున్న మొదటి బస్సుకి నాను కొండకెల్తన్నాను. గుంటడు ఫోను సేస్తే నువ్వు సెప్పీ. అక్కడే ఉండమను. ఇంతమంది జుత్తు పుచ్చుకున్న అప్పన్న ఆడినొక్కడినే ఒగ్గీస్తాడేటి?"

గణపతిరావు తువ్వాలుతో మొహం తుడుచుకుని తల ఊపాడు.

జగ్గమ్మ కొత్త పసుపు గుడ్డ పరిచి, పొట్లాలు అందులోకి ఎత్తుతూ లెక్కపెట్టింది. "ముప్పై తొమ్మిది వస్తన్నాయేటే? ముప్పై ఎనిమిదని గదా రాసినాడు?"

"తప్పు లెక్కెట్టుంటావు," అని సుహాసిని మళ్ళీ లెక్కపెట్టింది. ముప్పై తొమ్మిదే. ఒక పొట్లం మీద మాత్రం పేరూ లేదు, ఊరూ లేదు.

జగ్గమ్మ దాన్ని గుమ్మంలో వెలుగులోకి పట్టుకెళ్ళి మడతలు విప్పింది. లోపల చిటికెడు వెంట్రుకలున్నాయి, అన్నీ నెరిసినవే.