సాయంత్రానికి తిరిగి రండి

“మీ సామానేది?” అని అడిగింది కినుయో.

“లేదు.”

“హోటలు?”

“ఇంకా తీసుకోలేదు.”

“ఇంటికి ఎప్పుడు వెళ్తున్నారు?”

కౌంటరు అవతల నిలబడ్డది ఒక మగమనిషి. నలభై ఏళ్ళుంటాయి. “ఇవాళే వెళ్ళాలి. వెళ్ళలేకపోయాను,” అన్నాడు.

ఒకయామా స్టేషన్లో, ఊళ్ళు చూడ్డానికొచ్చిన వాళ్ళకి దారి చెప్పే ఆ కౌంటరు దగ్గర కినుయో పదకొండేళ్ళుగా కూర్చుంటోంది. ఎవరొచ్చినా ముందు మ్యాపు చూస్తారు. ఇతను మ్యాపు వంక చూడనైనా లేదు. ఆమె మొహంలోకే చూస్తున్నాడు.

“మీరు ఎక్కడికి వెళ్ళమంటే అక్కడికి వెళ్తాను,” అన్నాడు.

ఆ మొహం ఎలాంటిదో ఆమెకు తెలుసు. సముద్రం బొమ్మలూ కొండ అంచుల బొమ్మలూ ఉన్న కాగితాలన్నీ మోచేత్తో పక్కకి నెట్టేసింది.

“చూడండి బాబూ, ఈ స్టేషనే మీ ఇల్లనుకోండి. పొద్దున ఎక్కడికైనా వెళ్ళండి, సాయంత్రానికి ఇక్కడికే తిరిగి రండి. ఇవాళ కురషికి అనే ఊరికి. రైల్లో పావుగంట. కాలువ ఒడ్డున బోలెడు జనం ఉంటారు. అక్కడ చిక్కుడు గింజల తీపిముద్ద చుట్టిన అట్లు అమ్ముతారు. నాకోసం ఒకటి పట్టుకురావాలి. తెస్తారా?”

అతను తేలిగ్గా ఊపిరి వదిలాడు. “తెస్తాను. నేను వచ్చేదాకా మీరు ఇక్కడే ఉంటారుగా?”

“ఎక్కడికి పోతాను?”

అయిదింటికి అట్టు పట్టుకుని వచ్చాడు. పేరు హమగుచి అని చెప్పాడు. ఆమె తినేదాకా కదల్లేదు. వెళ్తూ వెళ్తూ, “రేపు కూడా వస్తారా డ్యూటీకి?” అని రెండుసార్లు అడిగాడు.

“వస్తాను. మీరూ రావాలి,” అంది కినుయో గట్టిగా.

మర్నాడు కినుయో అతన్ని తకహషి అనే ఊరికి పంపించింది. యుజు నిమ్మ తొక్కల మిఠాయి తెమ్మంది. అదే చొక్కాతో వెళ్ళి, అదే చొక్కాతో వచ్చాడు. పక్క కుర్చీలో కూర్చునే ముత్సుమి నవ్వింది. “ఏంటి పిన్నిగారూ, ఈ వయసులో వెంటబడేవాణ్ణి సంపాదించారు!”

“నోర్ముయ్యవే,” అంది కినుయో. “ఆ మనిషి బతకడానికి రాలేదు ఈ ఊరు. రోజుకో పని చెప్పి లాక్కొస్తున్నాను.”

ముత్సుమి నవ్వు ఆగిపోయింది.

మూడో రోజు అతనే ముందు అడిగాడు. “అమ్మా, ఇవాళ మీకేం తినాలనుంది? నిజంగా ఇష్టమైంది చెప్పండి.”

“తకమత్సు ఊరి ఉదోన్, ఆ లావు సేమ్యాల పులుసు,” అనేసి కినుయో నాలిక కరుచుకుంది. తకమత్సు వెళ్ళాలంటే రైలు వంతెన మీద సముద్రం దాటాలి. “వద్దు, వద్దు. అంత దూరం వద్దు. ఇక్కడే గుడి దగ్గర...”

“తెస్తాను. నేను వచ్చేదాకా మీరు ఈ కుర్చీలోంచి కదలకూడదు. మాటివ్వండి.”

“మీరివ్వండి ముందు!”

“ఇచ్చాను,” అని వెళ్ళిపోయాడు.

అయిదయింది. రాలేదు. అయిదున్నరకి మైకులో చెప్పారు: గాలి ఎక్కువగా ఉండటం వల్ల వంతెన మీద రైళ్ళు ఆపేశారట. ఆరింటికి ముత్సుమి కౌంటరు తెర దించింది.

“ఇంటికెళ్ళండి పిన్నిగారూ.”

“వెళ్ళను.”

“పోలీసులకి చెబుదామా?”

“ఏమని చెబుతావు? ఉదోన్ తేవడానికి వెళ్ళాడనా?” అంది కినుయో. “నేనే పంపానే. ఈ నోటితో నేనే పంపాను.”

ముత్సుమి ఎంత చెప్పినా వినకుండా కినుయో టికెట్ గేటు దాటి ఆరో నంబరు ప్లాట్‌ఫాం మీదికి వెళ్ళింది. జనం కిక్కిరిసి ఉన్నారు. రైళ్ళు మళ్ళీ కదిలాయని ఎవరో అన్నారు. మొదటి రైలొచ్చింది. తలుపు తలుపూ వెతికింది. లేడు. రెండోది వచ్చింది. అందులోనూ లేడు. ఆమె ప్లాట్‌ఫాం చివరిదాకా నడిచింది. చలిగాలిలో, పట్టాల మీదికి వంగి, వంతెన వైపు నుంచి ఇంకో దీపం కనిపిస్తుందేమోనని చూస్తూ నిలబడింది. మూడో రైలు ఆమె పక్కనుంచే వెళ్ళి ఆగింది. దిగినవాళ్ళలో అతను కనిపించక ఆమె అక్కడే ఉంది, నాలుగోదాని కోసం.

“కదలొద్దన్నానా!”

ఎవరో వెనకనుంచి పరిగెత్తుకొచ్చి, రెండు చేతులతో ఆమెను పట్టుకుని ప్లాట్‌ఫాం మధ్యకి లాగేశారు. హమగుచి. మొహంలో నెత్తురు చుక్క లేదు. ఉదోన్ సంచి కిందపడి, పులుసు కారిపోతోంది.

కినుయోకి ఒళ్ళు మండిపోయింది. అతని ఛాతీ మీద పిడికిలితో ఒక్కటిచ్చింది.

“బతికే ఉన్నావుట్రా! మూడు రోజులుగా నా ప్రాణం తోడేశావు కదరా! చావాలనే వచ్చావని మొదటి రోజే కనిపెట్టాను. అందుకే ఒక్క మెతుకు సహించకపోయినా నువ్వు తెచ్చినవన్నీ తిన్నాను. రేపు మళ్ళీ పంపడానికి ఒక ఊరు ఉండాలని రాత్రంతా మ్యాపులు చూశాను. తెలుసా నీకు?”

హమగుచి ఆమె చేతులు ఇంకా వదల్లేదు. అయోమయంగా చూశాడు.

“నేనా? చావడమా?” అన్నాడు. “అమ్మా, మొన్న పొద్దున సరిగ్గా ఇక్కడే బూట్లు విప్పి, జతగా పక్కన పెట్టి, పట్టాలకేసి చూస్తూ నిలబడింది మీరు కదా!”