కుండ మీది నెలవంక

"మొత్తం ఎన్ని కొలతలే?" అంది సూర్యకాంతం, బోర్లించిన వేడి కుండ మీద పిండిలో ముంచిన గుడ్డ పరిచి లాగుతూ.

"రెండు అత్తయ్యా," అంది మేనకోడలు తులసి, కాలేజీ రిపోర్టు ఒళ్లో పెట్టుకుని. "పూతరేకుల వ్యాపారం ఎందరి చేతుల్లో ఉందో తేల్చడానికి. ఒకటి పెద్ద కొట్టు వాటా ఒక్కటే చూస్తుంది. రెండోది అందరి వాటాల్నీ వర్గం చేసి, అంటే ఒక్కో వాటానీ దానితోనే గుణించి, కలుపుతుంది. ఎలా చూసినా మన వీధిలో మూడు కొట్లూ సమానమే. ఎవరి పెత్తనమూ లేదు."

"వర్గం చేస్తే ఏమవుతుందేం?"

"పెద్దవాళ్లు ఇంకా పెద్దగా, చిన్నవాళ్లు ఇంకా చిన్నగా కనిపిస్తారండి."

"దానికి లెక్కలెందుకే, పెళ్లి పందిట్లోకెళ్తే చాలదూ! మరి నన్నెక్కడ రాశావు?"

తులసి నసిగింది. "కూలీల పేజీలో అండి. మీకు కొట్టు లేదు కదా."

సూర్యకాంతం నవ్వింది, కానీ కాస్త ఆలస్యంగా. "ఆ మూడు కొట్ల డబ్బాలూ తెచ్చావుగా? విప్పి చూడు."

మూడు డబ్బాల్లోనూ, రేకుల మడతలు విప్పితే, ఒకే చోట నెలవంక లాంటి గుర్తు. తులసి కుండ వైపు చూసింది. పెచ్చు ఊడిన చోట అదే నెలవంక.

"ఇప్పుడేమంటాయే నీ కొలతలు?"

"రెండూ ఒకే మాటంటాయండి. నూటికి నూరూ మీవే." తులసి కూలీల పేజీలో అత్తయ్య పేరు కొట్టేసింది. "సంస్థ పేరేం రాయమంటారు?"

సూర్యకాంతం చెయ్యి ఆగిపోయింది. కుండ మీద రేకు మాడింది, ఇన్నేళ్లలో మొదటిసారి.