పన్నెండో వరుస

ద్వారకా నగర్ ఆఫీసులో ఆ రాత్రి హరిచందన ఒక్కతే మిగిలింది. ఫిషింగ్ హార్బర్ వాళ్ల కోసం చేస్తున్న యాప్‌లో, ఏ బోటు ఎక్కడుందో వరుసగా చూపించే టేబుల్ వ్యూ ఎట్టకేలకు పనిచేసింది. సంబరంగా ఈల వేసుకుంటూ వరుసలు లెక్కపెట్టింది. పరీక్ష కోసం తను రాసిన బోట్లు పదకొండు. తెరమీద పన్నెండున్నాయి. చివరిది ‘నూకాలమ్మ: వస్తోంది’.

కోడంతా వెతికింది. ఆ పేరు ఎక్కడా లేదు. యాప్ మళ్లీ తెరిస్తే ‘నూకాలమ్మ: దగ్గరకొచ్చింది’ అని ఉంది.

ఎవరో ఆటపట్టిస్తున్నారనుకుని నవ్వుకుంటూ, యాప్ చేయించుకుంటున్న బోటు యజమాని సింహాద్రికి ఫోన్ చేసింది. తెల్లవారుజామున మూడయింది; ఆ వేళకే ఆయన జెట్టీ మీదుంటాడు.

“సింహాద్రి గారూ, నూకాలమ్మ అని మీ బోటేమైనా ఉందా?”

“ఉండీదమ్మా. తుపానులో పోయి పదేళ్లయింది. మా బావ సలమయ్య అందులోనే ఉండీవోడు. నీకెవులు సెప్పారు?”

ఆమె యాప్ సంగతి చెప్పేలోగా ఫోన్‌లో డీజిల్ ఇంజను చప్పుడు వినిపించింది. దగ్గరకొచ్చి ఆగింది. తర్వాత సింహాద్రి చిన్నపిల్లాడిలా నవ్వాడు.

“తాడు ఇసురు బావా,” అన్నాడు, “నాను పట్టుకుంతాను.”