ఇంజను వద్దన్న లంక

"ఒక్కటే అడగండి. పైకి ఒక్కటే రాస్తాను" అన్నారు బ్లాకాఫీసు నుంచి వచ్చిన ఆఫీసరుగారు, ఏటి మధ్య లంకలో స్కూలు అరుగు మీద కుర్చీలో కూర్చుంటూ.

"అడగడానికేముందండీ, ఇంజను పడవ!" అన్నారు ప్రెసిడెంటు కొండలరావుగారు. "గంగరాజు వెదురు గెడ వేసుకుంటూ పాయ దాటించేసరికి ముప్పావుగంట. ఇంజనుంటే పది నిమిషాలండి. నా కొబ్బరికాయలు అవతలికి చేరేలోపు మొలకలొచ్చేస్తున్నాయి."

అందరూ నవ్వారు. "ఆయ్, ఇంజనేనండి" అన్నారు.

గంగరాజు తలగుడ్డ తీసి చేతిలో నలుపుతున్నాడు. తాతల నాటి రేవు. ఇంజను వస్తే ఎవరో కాంట్రాక్టరు పాలు.

ఆఫీసరుగారు కలం మూత తీశారు.

"వద్దండీ!"

ఆడవాళ్లలోంచి కృపావతి లేచింది. అవతలి ఒడ్డున హైస్కూల్లో టీచరు.

"ఇంజను చెడితే మెకానిక్కు అమలాపురం నుంచి రావాలండి. వాడొచ్చేదాకా లంకలోనే కూర్చోవాలి. దాని బదులు రేవుకి మెట్లు కట్టించండి. ఆ బురదలో జారిపడనివాళ్లు ఈ ఊళ్లో లేరు. పడవకి ఎండ తగలకుండా ఓ గూడు వేయించండి. చాలు."

"గంగరాజు మీద ఎంత జాలమ్మా టీచరుగారూ!" అంది పాపాయమ్మ. ఆడవాళ్లంతా నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

ఆఫీసరుగారు మగవాళ్ల వైపు తిరిగారు. "రోజూ దాటేవాళ్లు చెప్పాలి. ఎవరున్నారు?"

వెనక వరసలో నక్కిన సత్యానందాన్ని కొండలరావుగారు రెక్క పట్టుకుని లేపారు. రాజోలులో బ్యాంకు గుమస్తా. వారానికి మూడు రోజులు ఆలస్యం, మూడు రోజులూ మేనేజరు చేత అక్షింతలు.

"చెప్పవోయ్! అందరికంటే నీకే కదా అవసరం."

సత్యానందం చెవులు ఎర్రబడ్డాయి. "టీచరుగారు చెప్పిందే సబబండి. గెడ పడవ... ఆరోగ్యానికి మంచిదండి."

సభ గొల్లున నవ్వింది. కొండలరావుగారు నుదురు కొట్టుకుని, తనూ నవ్వేశారు. "సరే, మెట్లూ గూడూ కలిపి ఒక్కటిగా రాసెయ్యండి. నా కాయలు మొలకెత్తితే ఎత్తనీండి."

ఆఫీసరుగారు పొంగిపోయారు. ఒక పేద పడవవాడి కోసం చదువుకున్నవాళ్లు ఇలా నిలబడటం ఎక్కడా చూడలేదని ఆ కాగితం మీదే రాశారు.

మర్నాడు పొద్దున్నే పడవ కదిలింది. ఎవరూ చెప్పకుండానే ఊరివాళ్లంతా వెనకవైపు సర్దుకున్నారు. ముందు కొసన కృపావతి, సత్యానందం.

"నిదానంగానే పోనిస్తాలెండి" అన్నాడు గంగరాజు, వాళ్లకి వీపు పెట్టి గెడ వేస్తూ.

మొన్న ఈస్టరు వెళ్లాక పెళ్లి చేసుకుని, రెండు గదుల ఇంట్లో పదకొండుమంది మధ్య కాపురం పెట్టిన ఆ ఇద్దరికీ, తమదంటూ ఉన్న చోటు ఆ పడవొక్కటే.