ఇవాళ్టి మాట: ఇమినెంట్

తలుపు దగ్గర నిలబడిన ముసలాయన్ని ముందుగా చూసింది మేడమ్ కూతురే.

"అమ్మా, ఎవరో వచ్చారు."

"క్లాసులో అమ్మా గిమ్మా లేదు. ఇంగ్లీషులో చెప్పు," అంది మేడమ్, బోర్డు మీంచి తల తిప్పకుండానే.

మూడో అంతస్తులోని ఆ స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసుకు ఒక్కటే చట్టం. ఇంట్లో మాట్లాడే భాషను గుమ్మం బయటే వదిలి రావాలి. దాహమేసినా ఇంగ్లీషులోనే వేయాలి. పాఠం చెప్పడానికి మేడమ్‌కు మాత్రం మినహాయింపు ఉంది. చట్టం చేసినవాళ్లకు ఆ మాత్రం వెసులుబాటు ఎక్కడైనా ఉండేదే.

ముసలాయన జుట్టునిండా, భుజాలనిండా తెల్లటి దుమ్ము.

"సున్నం బస్తాలో పడుకుని లేచినట్టున్నాడు," అని ఎవరో గొణిగారు. వెనక బెంచీలు కిసుక్కుమన్నాయి.

"మేడమ్, ఈ మెట్లు..." అన్నాడాయన.

"ఇన్ ఇంగ్లీష్, ప్లీజ్."

"అది కాదు మేడమ్, పిల్లలు..."

"ఇంగ్లీషులోనే. తప్పులొచ్చినా ఫరవాలేదు. ముందు వెళ్లి కూర్చోండి."

కొత్తగా చేరేవాళ్లందరూ ఇలాగే జంకుతారని ఆవిడకు తెలుసు. ఆయన వెళ్లి చివరి బెంచీలో కూర్చున్నాడు. పక్కనున్నవాడు ఎందుకో ఒళ్లు జలదరించి కాస్త దూరం జరిగాడు.

మేడమ్ బోర్డు మీద ఆ రోజు మాట రాసింది. ఇమినెంట్.

"ఇది పెద్ద మాట. ఇళ్లలో వాడం. ఆఫీసుల్లో, వార్తల్లో వినిపిస్తుంది. ఏదైనా నెత్తిమీదికి వచ్చేసింది, ఇక జరగడమే తరువాయి అనడానికి వాడతారు. అదీ ఎక్కువగా చెడుకే. ప్రమాదం, తుఫాను, చావు, ఇలాంటివాటికి. ఎవరైనా ఒక వాక్యం చెప్పండి."

ముసలాయన లేచాడు. ఒక్కో మాటా కూడదీసుకుని చెప్పాడు.

"ది ఫాల్ ఆఫ్ దిస్ స్టెయిర్‌కేస్ ఈజ్ ఇమినెంట్."

మేడమ్ ముఖం వెలిగిపోయింది.

"విన్నారా? ఈ మెట్లు కూలిపోవడం ఆసన్నమైంది. మొదటిరోజే ఎంత చక్కగా చెప్పారో చూడండి. ఎక్కడ నేర్చుకున్నారండీ?"

"యువర్ క్లాస్, మేడమ్. డైలీ హియరింగ్."

మర్యాదకు అన్నాడనుకుంది ఆవిడ.

"అందరూ కలిసి ఈ వాక్యం చెప్పండి."

గదంతా గొంతు కలిపింది. తాము ఎక్కి వచ్చిన మెట్లు కూలబోతున్నాయని పిల్లలూ పెద్దలూ పాటలా సాగదీసి మరీ చెప్పారు. ముసలాయన ఒక్కడే పెదవి కదపలేదు. అర్థమైందా అన్నట్టు ఒక్కొక్కరి ముఖమే చూస్తూ నిలబడ్డాడు. ఎవరికీ కాలేదు.

క్లాసు అయిపోయింది. మేడమ్ కూతురు అందరికంటే ముందు తలుపు వైపు పరిగెత్తింది. ఆకలేస్తే ఆగే పిల్ల కాదు.

గుమ్మానికి అడ్డంగా ముసలాయన ఉన్నాడు. చివరి బెంచీ నుంచి ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు.

"డౌట్, మేడమ్."

"రేపు అడుగుదురుగాని."

"ఇమినెంట్ మీన్స్, హౌ మెనీ మినిట్స్?"

ఎవరి డౌటైనా తీర్చకుండా పంపితే మేడమ్‌కు ఆ పూట ముద్ద దిగదు.

"దానికి లెక్క ఉండదండీ. ఇప్పుడే కావచ్చు."

"హౌ టు నో?"

"తెలిసినవాళ్లు చెప్పాలి."

"టోల్డ్, మేడమ్. నోబడీ హియరింగ్."

"అమ్మా, ఆయన్ని జరగమను. నాకు ఆకలేస్తోంది."

వెనక జనం తోసుకుంటున్నారు. మేడమ్ ప్రాణం విసిగిపోయింది.

"ఏంటండీ మీ గోల? పిల్లల దారికి అడ్డం లేవండి. రేపట్నించి మీరు రావద్దు."

ఆయన ముఖంలో కోపం లేదు. మొదటిసారి ఇంట్లో భాషలో, ఎవరూ ఆపకుండా ఒక మాట పూర్తి చేశాడు.

"మీరంతా ఒకసారి కూర్చోండి, నేను వెళ్లిపోతాను."

"కూర్చోండర్రా. ఈయన ఊరికే కదిలేలా లేడు," అంది మేడమ్.

అందరూ సణుక్కుంటూ వెనక్కి వెళ్లారు. కూతురి చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టి మేడమ్ తలెత్తేసరికి గుమ్మంలో ఎవరూ లేరు. మెట్లమీద అడుగుల చప్పుడు కూడా లేదు.

అప్పుడు భవనమంతా ఒక్కసారి ఊగింది. చెవులు పగిలే చప్పుడు, ఆ వెంటనే గదినిండా దుమ్ము.

దుమ్ము తగ్గాక చూస్తే గుమ్మం అవతల మెట్లు లేవు. ఎక్కడో కింద నేల కనిపిస్తోంది. మేడమ్ తన కూతుర్ని గుండెకు అదుముకుని అలాగే కూలబడింది.

ఫైర్ సర్వీసువాళ్లు కిటికీకి నిచ్చెన వేసి ఒక్కొక్కరినీ దించారు. ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు. కింద కాలు పెట్టగానే మేడమ్ కనిపించిన ఫైర్‌మన్ చెయ్యి పట్టుకుంది.

"ఒక పెద్దాయన మాకంటే ముందు దిగాడు. నేనే కసిరి పంపించాను. ఆయన్ని తీయండి, మీకు పుణ్యముంటుంది," అని వెక్కి వెక్కి ఏడ్చింది.

చాలాసేపటికి శిథిలాల కింద నుంచి ఆయన శవాన్ని తీశారు.

"ఈయనే. ఇవాళే క్లాసులో చేరాడు. పేరు కూడా అడగలేదు నేను."

కింది అంతస్తులో కొట్టున్న టైలర్ ఆవిడ వైపు వింతగా చూశాడు.

"కొత్తాయన ఏంటి మేడమ్? మన వాచ్‌మన్. మెట్లకింద గదిలోనేగా ఉండేది. మీరు రోజూ ఆయన ముందు నుంచేగా ఎక్కేది."

ఎంత తలుచుకున్నా ఆవిడకు ఆ ముఖం ఇవాళ తప్ప ఏ రోజూ చూసినట్టు లేదు. సిగ్గుతో తల వాలిపోయింది.

"ఇందాకే మాతో మాట్లాడాడు," అంది ఎవరితోనో అన్నట్టు.

ఫైర్‌మన్ దుప్పటి కప్పుతూ నెమ్మదిగా అన్నాడు.

"ఇందాక ఎలా మాట్లాడతాడమ్మా, గది కప్పు పెళ్ల ఊడి తలమీద పడి పొద్దున్నే పోయినట్టున్నాడు, ఒళ్లంతా ఎప్పుడో కొయ్యబారిపోయింది."